గీజరు నిశ్వాసము

గీజరు అను మాట వినగానే మనకు స్నానపుగది స్ఫురించును గాని, నిజమునకది ఐస్లాండు దేశపు ఉష్ణజలధారల పేరు. 1868వ సంవత్సరమున లండనునందు బెంజమిన్ వాడీ మాన్ అను నతడు, బొగ్గునుండి తీసిన వాయువును మండించి నీటిని తత్క్షణమే కాచు తన యంత్రమునకు ఆ పేరిడెను. అది ఎంత విస్మయావహమో అంత భయావహము. ఏలయన దానికి పొగగొట్టము లేదు. మంట విడిచిన వాయువంతయు స్నానమాడువాని చుట్టునే నిలిచిపోవుచుండెను.

పిమ్మటి యంత్రములకు గొట్టమమర్చిరి. అయినను గదిగాలినే పీల్చు మంట, తలుపులు బిగించిన వేళ ఆమ్లజని చాలక అసంపూర్ణముగా మండి, కార్బన్ మోనాక్సైడును పుట్టించును. రంగును వాసనయు లేని ఆ విషము రక్తములోని హీమోగ్లోబినును ఆమ్లజనికంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును గనుక, నిద్రించువానికి మెలకువయే రాకపోవచ్చును.

20వ శతాబ్ది మధ్యకాలమున బ్రిటనులో వ్యాపించిన ఉపాయము, నా దృష్టిలో ఈ యంత్రచరిత్రమునందెల్ల సుందరమైనది. గదితో ఏ సంబంధమును లేక, వెలిగోడయందు ఒకే చోటనుండి, నీరు కాచు బాయిలరు గాలిని పీల్చును, అచటనే విడుచును. ఈదురుగాలి వీచినను ఆ ఒత్తిడి రెండు దారులమీదను సమముగా పడుటచే మంట చెదరదు. అయితే ఇంటికప్పుమీద నుండవలసిన పొగమూతి ఇట్లు కిటికీప్రక్కకు దిగివచ్చినది. బయటికి వెడలగొట్టిన వాయువే కిటికీగుండ మరల లోనికి రాగలదు.

అందుచేతనే ఇంగ్లండు గృహనిర్మాణ నియమములు దూరములను నిర్ణయించినవి. వేడివాయువు పైకెగయును గనుక, కిటికీక్రింద నున్న మూతియే మిక్కిలి ప్రమాదకరము: పంకాలేని బాయిలరు 14 మొదలు 32 కిలోవాట్ల శక్తిగలదైనచో మూతికిని పైకిటికీకిని నడుమ 1500 మిల్లీమీటర్లు, అంతకు మించి 70 కిలోవాట్ల వరకు 2000 మిల్లీమీటర్లు ఉండవలెను. పంకా వాయువును దూరముగా విసరును కావున, దానికి 300 మిల్లీమీటర్లు, అనగా సుమారొక అడుగు, చాలును. గోడలోని గాలిరంధ్రమునకును ఈ కొలతలే వర్తించును.

2005 ఏప్రిలునుండి ఇంగ్లండులో క్రొత్తగా అమర్చు గ్యాస్ బాయిలరులు, అరుదైన సందర్భములందు దప్ప, పొగలోని ఆవిరిని నీరుగా మార్చి దాని గుప్తోష్ణమును సైతము రాబట్టునవియే కావలెనని నియమమైనది. వీని నిశ్వాసము పాతవాని నిశ్వాసముకంటె చల్లనిది. త్వరగా పైకెగయక, తెల్లని మబ్బువలె గోడచెంతనే తారాడును. ఆవిరి చల్లబడి గొట్టములో చేరిన ఆమ్లజలము బాయిలరులోనికే తిరిగి ప్రవహించునట్లు, ఆ గొట్టమును కొంచెము లోపలికి వాలుగా నమర్తురు.

ఇంగ్లండులో గృహములు కొనుచున్న మన తెలుగువారికొక మనవి: పెరటివైపు గది పొడిగించుటకు ముందుగాని, గోడకు క్రొత్త కిటికీ తెఱపించుటకు ముందుగాని, గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదైన పనివానిని పిలిచి, ఆ మూతికిని క్రొత్త కిటికీకిని నడుమ దూరమును తప్పక కొలిపింపుడు.