గన్నారెడ్డి ఎవరి కొడుకు?

నవల చెప్పే కథ ఒకటి... రాయి చెప్పే మాట మరొకటి

ఉప్పునుంతల: ఆదవోని కోటలో పెళ్లి సందడి. పెళ్లికూతురు అన్నాంబిక. పెళ్లికొడుకు వర్ధమానపుర ప్రభువు లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డి. అంతలో గజదొంగ గోన గన్నారెడ్డి మనుషులతో వచ్చి పడి పెళ్లికొడుకునే ఎత్తుకుపోయాడు!

అడివి బాపిరాజు రాసిన ‘గోన గన్నారెడ్డి’ నవలలోని ఘట్టమిది. మొదలుపెడితే చివరిదాకా కింద పెట్టనివ్వదు. అన్న పోయాక రాజ్యం చేజిక్కించుకున్న పినతండ్రి, అడవి పట్టి దొంగగా పేరుపడ్డ అన్న కొడుకు, మగపేరుతో ఏలే రుద్రమదేవి, ఆమెపై సామంతుల కుట్రలు... దొంగ అనుకున్నవాడే ఓరుగల్లుకు అండ అని తేలేదాకా పాఠకునికి ఊపిరాడదు. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాతో ఈ పేరు మళ్లీ ఇంటింటా వినిపించింది.

బాపిరాజు (1895-1952) గోదావరి సీమ మనిషి. హైదరాబాదులో ‘మీజాన్’ తెలుగు పత్రికకు సంపాదకునిగా పనిచేశారు. కథ మాత్రం మన గడ్డది. గోన వారి రాజధాని వర్ధమానపురమే నేటి నంది వడ్డెమాన్ అని చరిత్రకారులు చెబుతారు. మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే బిజినేపల్లి మండలంలో ఉంది. శనైశ్చరుని గుడికి వెళ్లే మన భక్తుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

రాయచూరు బండ

నవలలో గన్నారెడ్డి గజదొంగ. రాయచూరు కోట గోడలోని బండ మీద మాత్రం ఆయన వర్ధమానపుర ప్రభువు. సుమారు 42 అడుగుల పొడవున్న రాయి అది. 1294 నాటి శాసనం దానిపై చెక్కి ఉంది. గన్నారెడ్డి సేనాని విట్ఠలుడు ఆదవోని, తుంబళం, మానువ, హాలువ కోటలు పట్టి రాయచూరులో ప్రవేశించి గట్టి కోట కట్టించాడని దాని సారాంశం. అంత బండను బండిపై ఎలా లాగి తెచ్చారో పక్కనే బొమ్మ కూడా గీశారు.

తెల్లదొరల కాలం నాటి గెజిటీరులో ఈ పేరు ‘గోరె గంగయ్య రుద్దివారు’ అని అచ్చయింది. ‘గోన’ కాస్తా ‘గోరె’, ‘రెడ్డి’ కాస్తా ‘రుద్ది’! ఒక్క అక్షరం తప్పు చదివితే వంశం వంశమే మాయమవుతుంది. తర్వాతి పండితులు రాతిని మళ్లీ చదివి, ఇతర శాసనాలతో పోల్చి గోన వారిని గోన వారికి అప్పగించారు.

ముడి విడలేదు

నవలలో గన్నారెడ్డి గోన బుద్ధారెడ్డి కొడుకు. రంగనాథ రామాయణం ద్విపదలో చెప్పిన కవి ఈ బుద్ధారెడ్డే. అయితే ఉత్తరకాండ పూర్తి చేసిన ఆయన కొడుకుల పేర్లు కాచవిభుడు, విట్ఠలరాజు. అక్కడ గన్నారెడ్డి పేరు లేదు! కాచవిభుడే గన్నారెడ్డా? వేరే కొడుకా? దాయాదా? పండితులు తలో మాట చెబుతారు.

కూతురి సంగతిలో ఈ తికమక లేదు. భూత్పూరులో 1276 నాటి శాసనం వేయించిన కుప్పాంబిక తాను బుద్ధారెడ్డి కూతురిననీ, మల్యాల గుండ దండనాథుని భార్యననీ చెప్పుకొంది. తొలి తెలుగు కవయిత్రి ఈమేనని కొందరి అభిప్రాయం. ఏడు వందల ఏళ్లు దాటినా ఆ ఆడబిడ్డ పుట్టిల్లు చెరిగిపోలేదంటే ఆ రాయి చలవే.

రుద్రమదేవికీ ఇదే చిక్కు వచ్చింది. ఆమె రాజు భార్య అని విదేశీ యాత్రికుడు మార్కోపోలో రాశాడు. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం (1261) ఆమె గణపతిదేవుని కూతురని తేల్చింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో బయటపడిన శాసనం ఆమె 1289లో మరణించినట్లు తెలిపింది. ఊరి రాయి ఒక్కటి దొరికితే మహారాణి చరిత్రే మారింది.

మన ఊరి రాళ్ల మాటేమిటి?

రాజులకు శాసనాలుంటే రైతు కుటుంబాలకు పిచ్చకుంట్ల వారుండేవారు. ఇంటి ముందు నిలబడి గోత్రం, ఇంటిపేరు, ముత్తాతల పేర్లు కథగా చెప్పి సంభావన పుచ్చుకునేవారు. ఎవరి వంశం ఏ ఊరి నుంచి వచ్చిందో వారి నాలుక మీదే ఉండేది. వారి నోట విన్నది నోటుపుస్తకంలో రాసుకున్న ఇల్లు ఎన్ని?

చెరువు కట్ట మీద, గుడి వెనుక, పొలం గట్టున అక్షరాల రాయి కనిపిస్తే దాన్ని బట్టలు ఉతికే బండ చేయకండి. సున్నం, రంగు పూయకండి. గుప్తనిధి ఉందని ఎవరైనా తవ్వబోతే ఆపండి. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే అక్షరాలు బాగా తేలతాయి. ఆ ఫోటో ఊరి పంతులుగారికి చూపండి, పురావస్తు శాఖకు కబురు పెట్టండి.

గన్నారెడ్డి ఎవరి కొడుకో చెప్పే రాయి ఎక్కడో ఉండే ఉంటుంది. అది మన ఊరి పాత బావి మెట్టు కాదని ఎవరు చెప్పగలరు?