కారుకి వాన సంగతి ఎలా తెలుస్తుంది?

గుడివాడ నుంచి ముదినేపల్లి మీదుగా కైకలూరు వెళ్తున్నారు. కొల్లేరు వైపు నుంచి నాలుగు చినుకులు రాలాయి. ఎవరూ మీట నొక్కలేదు, అయినా వైపర్లు కదిలాయి! ఎలా?

కొన్ని కార్లలో ముందద్దానికి లోపలివైపు, వెనక వచ్చే బళ్లను చూసుకునే అద్దం చాటున చిన్న సెన్సర్ ఉంటుంది. అది కంటికి కనిపించని కాంతిని ముందద్దంలోకి ఏటవాలుగా పంపుతుంది. అద్దం పొడిగా ఉంటే ఆ కాంతి గోడకు కొట్టిన బంతిలా తిరిగొస్తుంది. చినుకు పడిందా, కొంత కాంతి నీటిలోంచి బయటికి జారిపోతుంది. తిరిగొచ్చేది తగ్గగానే వైపర్లకు కబురు!

మరి అక్కడే ఎందుకు? డ్రైవరు చూపుకు అడ్డురాదు, పైగా వైపరు ఆ చోటునీ తుడుస్తుంది. సెన్సర్‌కీ ముందద్దానికీ మధ్యలో గాలిబుడగ చేరితే కాంతి దారి తప్పుతుంది. అందుకే తేటైన మెత్తటి పొరతో, నుదుటి మీద బొట్టుబిళ్లలా, అద్దానికి అంటిస్తారు.