కాటిసీను పద్యం – విద్యార్థి గొంతు

వజ్రకరూరు పేరు వినగానే ఎవరికైనా వజ్రాలే స్ఫురిస్తాయి. తొలకరి జల్లు కురిసిన మరునాటినుండి అక్కడి ఎర్రనేలల్లో తలలు వంచుకొని రాళ్లు వెదికే జనం కనిపిస్తారు. ఆ నేల అడుగున కింబర్లైటు శిలానాళాలు ఉండడమే ఆ వెదుకులాటకు కారణం. అయితే వజ్రం అందరికీ దొరకదు. వాన అసలే దొరకదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షంతో సరిపెట్టుకొనే అనంతపురం సీమ అది. ఆ సీమ కరువులోనూ పోగొట్టుకొనని ఆస్తి ఒకటున్నది. అది పద్యనాటకం.

1882లో ప్రత్యేక జిల్లా కాకమునుపు అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. తెలుగు నాటకానికి బళ్లారి ఎంతటి కేంద్రమో సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. ధర్మవరంలో జన్మించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడ సరసవినోదిని సభను స్థాపించి, ‘చిత్రనళీయం’ మొదలైన నాటకాలలో పాటకూ పద్యానికీ పీట వేసినారు. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడని లోకం గౌరవించింది. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946) ఆయనకు మేనల్లుడు. మేనమామ పద్యాన్ని రంగస్థలం ఎక్కించగా, ఆ పద్యం రాగాలాపనలో మునిగి అభినయాన్ని మింగివేస్తున్నదని మేనల్లుడు వాదించినాడు. ఒకే ఇంట పుట్టిన ఈ వివాదం నేటికీ తీరలేదు. పద్యం నేర్చుకొనే ప్రతి విద్యార్థి గొంతులోనూ అది మళ్లీ మొదలవుతుంది.

తెలుగు రంగస్థలానికి విద్యార్థులు కొత్తవారు కారు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన శిష్యులచేతనే నాటకం ఆడించినారు. ఆనాటి విద్యార్థులకు లేని కష్టం ఒకటి నేటి విద్యార్థికి ఉన్నది. తొలినాటి నాటకాలలో వచనానిదే పెద్దపీట. నేడు పద్యనాటకం నేర్వవచ్చినవానికి ఛందస్సు, శ్రుతి, అర్థం, అభినయం నాలుగూ ఒక్కసారే మీదపడతాయి.

బలిజేపల్లి లక్ష్మీకాంత కవి హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను ఇందుకు తగిన పరీక్ష. ఆ రంగంలో గుర్రం జాషువ (1895–1971) శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడడం నటులకు సంప్రదాయమైంది. డి.వి. సుబ్బారావు వంటి నటులు వాటిని పల్లెపల్లెకూ వినిపించినారు. వాటిలో ఒక సీసపద్యం నేర్చుకొనే విద్యార్థి ఎదుర్కొనే చిక్కులను గమనిస్తే, పద్యబోధన ఎంత సూక్ష్మమైన పనో తేటపడుతుంది.

సీసపాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదం రెండు ఖండాలుగా విరుగుతుంది. మొదటి ఖండంలో నాలుగు ఇంద్రగణాలు. రెండవదానిలో రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఊపిరి తీసుకొనవలసిన తావు ఖండాంతమే. కాని తొలిసారి పాడే బాలుడు దీర్ఘం కనిపించిన చోటనల్లా సాగదీసి, ఊపిరి చాలక, సమాసం నడుమ తెగిపోతాడు. సమాసం తెగితే అర్థం తెగుతుంది. అందుచేత అనుభవజ్ఞుడైన గురువు మొదట హార్మోనియం మూయించి, పద్యాన్ని వచనంలా చదివిస్తాడు, పదవిభాగం చెప్పిస్తాడు, అన్వయం కుదిరిన తరువాతనే శ్రుతి పట్టనిస్తాడు.

రెండవ చిక్కు మరింత లోతైనది. ఆ సీసంలో పాదాలు ఇంచుమించు ఒకే మాటతో ఆరంభమవుతాయి. కవి కలం, రాజు అధికార ముద్ర, ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుని కుంచె, అన్నీ ఆ కాటిలోనే కలిసిపోయినవని కవి వరుసగా చూపుతాడు. ఆ మాటను ప్రతిసారీ ఒకే గమకంతో పలికితే అది జాబితా అవుతుంది. కలం దగ్గర వేదన, ముద్ర దగ్గర వైరాగ్యం, నల్లపూసల దగ్గర గొంతు దిగిపోయే జాలి పలకాలి. నాలుగు రాగాలు మార్చనక్కరలేదు. ఒకే రాగంలో స్వరం బరువు మారితే చాలు.

చివరి తేటగీతిలో శ్మశానం శివుని నాట్యానికి రంగస్థలంగా మారుతుంది. అంతవరకు శోకంలో నడిచిన గొంతు అక్కడ ఒక్కసారి భయంకర గాంభీర్యాన్ని అందుకొనవలె. సాధారణంగా విద్యార్థి అక్కడికి చేరేసరికి అలసిపోతాడు. సీసంలోనే శక్తినంతా ఖర్చుపెట్టినవానికి గీతంలో మిగిలేది అరుపే. కనుక బలాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియడం కూడా విద్యలో భాగమే.

మూడవ చిక్కు ప్రేక్షకులది. పద్యాంతంలో సుదీర్ఘాలాపన చేస్తే చప్పట్లు మ్రోగుతాయి. ‘వన్స్‌మోర్’ కేకలు వినిపిస్తాయి. మైకు లేని రోజుల్లో చివరి వరుసకు వినిపించడానికి నటునికి ఆ సాగదీత కొంత అవసరమైంది. మైకు వచ్చిన పిమ్మట అవసరం పోయి అలవాటు మిగిలింది. అయినను ఆలాపనను పూర్తిగా నిషేధిస్తే పల్లె ప్రేక్షకుడు నాటకానికే దూరమవుతాడు. భావం నిలిచేంతవరకే రాగం నడవడం ఉభయతారకం.

ఈ సమస్య తెలుగువారిదే కాదు. 1971–72లో న్యూయార్కులోని జూలియార్డ్ విద్యాలయంలో మహాగాయని మారియా కల్లాస్ యువగాయకులకు సభాముఖంగా పాఠాలు చెప్పినప్పుడు, కంఠమాధుర్యంతో పాటు ప్రతి మాట వెనుక ఉన్న భావాన్ని వెలికితీయించినారు. భాష వేరైనా గురువు పట్టే తప్పు ఒక్కటే.

వజ్రకరూరు, ఉరవకొండ, గుంతకల్లు పరిసరాల బడిపిల్లలకు ఈ పాఠం వల్ల ఒరిగేదేమిటని అడగవచ్చు. వలసపోయే కుటుంబాల పిల్లలు వారు. పద్యం వారికి పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చిపెట్టే కంఠస్థ పాఠంగా మాత్రమే మిగిలితే, పరీక్ష ముగిసిన నాడే మరపున పడుతుంది. అంటరానితనం అనుభవించిన కవి వ్రాసిన పద్యాన్ని, చావు ముందర అందరూ సమానులని చెప్పే ఆ మాటను, ఊరి నడుమ కట్టిన పందిట్లో అన్ని కులాలవారి ఎదుట ఒక విద్యార్థి నిలబడి పలకడం సామాన్య విషయం కాదు. ఆ అర్థం తెలియకుండా గొంతు మాత్రమే వినిపిస్తే, కవికీ అన్యాయమే, ఊరికీ అన్యాయమే.

తెలుగు పండితులు వారానికొక గంట దీనికి కేటాయించగలరు. అందుకు హార్మోనియం లేకున్నా ఫరవాలేదు. ఒక పద్యాన్ని నలుగురు విద్యార్థులచేత నాలుగు విధాలుగా చదివించి, ఎవరి చదువులో అర్థం స్పష్టమైనదో మిగిలినవారిచేతనే నిర్ణయింపజేయవలె. పాడడం తెలియని పిల్లవానికి సైతం అక్కడ వినడం తెలుస్తుంది. పద్యనాటకానికి నటుడెంత అవసరమో, అటువంటి శ్రోత కూడా అంతే అవసరం.