ఇంకా వెదకని వనం

సుందరకాండ పారాయణ చేసే గృహస్థులకు పదకొండవ సర్గ పరిచితమే. అందులో హనుమ రావణుని పానభూమిలో ప్రవేశించి, మద్యమత్తులై ఒడలెరుగక నిద్రించేవారి నడుమ సీతమ్మ కొరకు వెదకుతాడు. పదమూడవ సర్గలో ఆయనను నిస్పృహ ఆవరిస్తుంది. అమ్మ జాడ కానరాలేదని ప్రాణత్యాగానికి సైతం తలపడతాడు. అంతటి ధీరునికే ఆ తలంపు కలిగినప్పుడు, కష్టకాలంలో మన ఇంటివారికి కలగడంలో వింత ఏమున్నది? వారిని నిందించడం తగదు.

అయితే హనుమ ఆగి ఆలోచించాడు. మరణం వలన అనర్థాలు అనేకమనీ, జీవించి ఉన్నవాడే శుభాన్ని చూడగలడనీ నిశ్చయించుకున్నాడు. తాను ఇంకా వెదకని అశోకవనం అప్పుడే ఆయన కంటబడింది. సీతమ్మ అక్కడే ఉన్నది.

మద్యం మనిషి నుంచి హరించేది ఈ పునరాలోచననే. అది మెదడులోని విచక్షణను, నిగ్రహాన్ని మందగింపజేస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. మనసు ఎదుటి దుఃఖం మీదనే నిలిచిపోతుంది. ఆవేశానికి అడ్డు ఉండదు. మత్తు దిగిన తరువాత దిగులు మరింత పెరుగుతుంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 6.8 శాతం మరణాలకు మద్యం, మాదకద్రవ్యాల వ్యసనమే కారణంగా నమోదైంది. కుటుంబ సమస్యలుగా నమోదైన మరణాల వెనుక మద్యం పాత్ర ఎంతో ఆ లెక్కలో కనిపించదు.

గృహస్థులారా! తాగిన వేళ ‘చచ్చిపోతాను’ అన్న మాటను తాగుబోతు మాటగా కొట్టివేయకండి. ఆ సమయంలో వాదించకండి, ఒంటరిగా విడువకండి. మత్తు దిగిన తరువాత మృదువుగా, సూటిగా అడగండి. అడిగినందువలన లేని తలంపు పుట్టదు. చెప్పుకొనే దారి దొరుకుతుంది.

మరొక మాట. ఏళ్ల తరబడి నిత్యం తాగేవారిచేత దేవుని ఎదుట ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించాలని చూస్తారు. అలా హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం రావచ్చు. దీక్ష మంచిదే, వైద్యుని పర్యవేక్షణ దానికి తోడు కావాలి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో రేయింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

దారులన్నీ మూసుకుపోయాయనుకొనే వానికి ఇంకా వెదకని వనం ఒకటి ఉన్నదని చూపడం ఇంటివారి ధర్మం. ఆంజనేయుని అనుగ్రహం మీ ఇంట నిలుచుగాక!