అప్పు చేసే ముందు తేదీ అడగండి

మార్కాపురం ఆర్టీసీ బస్టాండు దగ్గర టీ కొట్టులో ఓ పలకల గని కార్మికుడు తన ఫోను నా చేతికిచ్చి, "ఇది నిజమేనా అన్నా?" అని అడిగాడు. అమెరికాలో కోళ్ల ఫ్యాక్టరీలో పని, చదువు అక్కర్లేదు, ఏడాదిన్నరలో ఇంటిల్లిపాదికీ గ్రీన్‌కార్డు అని వాట్సాప్ మెసేజ్. అతని గోళ్ల సందుల్లో పలకరాతి పొడి ఇంకా అలాగే ఉంది. కూతురు అయిదో తరగతి. ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు కట్టడానికి సిద్ధమయ్యాడు.

బోర్లు ఎండిపోయే నేల మనది. మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెలకు వలస కొత్త కాదు. మిరప కోతలకు గుంటూరు వైపు పోతాం, బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు పోతాం. ఇంకా దూరం పోయి బాగుపడాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ ఆశ అప్పుగా మారకముందే అసలు లెక్క తెలియాలి.

అపోహ: కూలి పనికి గ్రీన్‌కార్డు ఇవ్వడమనేదే అబద్ధం.

వాస్తవం: ఇస్తారు. ఉద్యోగం ఆధారంగా గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-3 కేటగిరీలో 'అదర్ వర్కర్స్' అనే విభాగం ఉంది. రెండేళ్లకన్నా తక్కువ శిక్షణ చాలే పనులు ఇందులోకి వస్తాయి. మాంసం ప్యాకింగ్, హోటల్ గదుల శుభ్రత లాంటివి. పని తాత్కాలికమైనది కాకూడదు. స్థానికులు దొరకలేదని కంపెనీ ముందుగా అమెరికా కార్మిక శాఖకు చూపించి లేబర్ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. ఆ తర్వాత కార్మికుడి కోసం ఐ-140 అనే వలస పిటిషన్ వేయాలి. కానీ ఈ విభాగానికి ఏడాదికి దక్కేవి గరిష్ఠంగా 10,000 వీసాలు. భార్యాపిల్లల వీసాలు కూడా అందులోనే లెక్క.

అపోహ: ఏడాదిన్నరలో కార్డు చేతికొస్తుంది.

వాస్తవం: లేబర్ సర్టిఫికేషన్‌కు దరఖాస్తు అందిన రోజే మీ 'ప్రయారిటీ డేట్'. క్యూలో మీ చోటు అదే. ఎవరి వంతు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2024 అక్టోబరు బులెటిన్‌లో ఈ విభాగంలో భారతీయులకు ఉన్న తేదీ 2012 నవంబరు 1. అంటే దాదాపు 12 ఏళ్ల క్రితం చేరినవాళ్ల వంతు అప్పుడు నడుస్తోంది. చాలా దేశాలవారికి ఆ తేదీ 2020 డిసెంబరు 1. ఈబీ-3లోనే ఉన్న మన డిగ్రీ ఉద్యోగులకూ ఆ నెలలో ఇదే 2012 తేదీ. కాబట్టి కూలి పనికి పోటీ తక్కువన్న మాటా నిజం కాదు.

అపోహ: కువైట్ నుంచి దరఖాస్తు పెడితే క్యూ చిన్నది.

వాస్తవం: క్యూను నిర్ణయించేది మీరు పుట్టిన దేశం. ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు అన్నది లెక్కలోకి రాదు. గిద్దలూరులో పుట్టి కువైట్‌లో 20 ఏళ్లు పనిచేసినా భారతీయుల క్యూలోనే నిలబడాలి. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆ దేశపు క్యూ వాడుకోవచ్చు. గ్రీన్‌కార్డు లాటరీ పేరుతో డబ్బు అడిగితే అసలే నమ్మొద్దు, భారత్‌లో పుట్టినవారికి ఇప్పుడు అందులో అర్హత లేదు.

అపోహ: ఫైలు పడితే చాలు, విజిట్ వీసా మీద వెళ్లి పని మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: ఫైలు పడినంత మాత్రాన వెళ్లే హక్కూ రాదు, పనిచేసే హక్కూ రాదు. విజిట్ వీసా మీద పనిచేయడం చట్టవిరుద్ధం. పైగా వంతు వచ్చేనాటికి ఆ కంపెనీ ఉండాలి, ఆ ఉద్యోగమూ ఉండాలి.

అపోహ: లేబర్ సర్టిఫికేషన్ ఖర్చు మనమే కట్టుకోవాలి.

వాస్తవం: 2007 నుంచి అమెరికా నిబంధన స్పష్టంగా ఉంది. దాని కోసం ఇచ్చే ఉద్యోగ ప్రకటనల ఖర్చు, కంపెనీ లాయరు ఫీజు యజమానే భరించాలి, కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. వీసా ఫీజు, వైద్య పరీక్షల ఖర్చు లాంటివి మనం కట్టుకోవచ్చు. ఇక మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అతని సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ దాటకూడదు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

అపోహ: పిల్లలందరికీ కార్డు ఖాయం, తర్వాత ప్రభుత్వమే పోషిస్తుంది.

వాస్తవం: 21 ఏళ్లలోపు, పెళ్లికాని పిల్లలకే వర్తిస్తుంది. ఐ-140 పరిశీలనలో గడిచిన కాలాన్ని వయసులోంచి తీసేస్తారు, క్యూలో ఎదురుచూసిన ఏళ్లను తీసేయరు. టీ కొట్టులోని ఆ కార్మికుణ్ని తన 10 ఏళ్ల కూతురికి 12 ఏళ్లు కలిపి చూడమన్నాను. అతను వేళ్ల మీద లెక్కపెట్టి, 22 దగ్గర ఆగిపోయాడు. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

కార్డు వస్తే మేలు పెద్దదే, కాదనను. దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు, మాట ఇచ్చిన ఉద్యోగంలో నిజాయితీగా చేరాక ముందు ముందు వేరేచోట పని చూసుకోవచ్చు. భార్యకూ పని హక్కు వస్తుంది. సాధారణంగా అయిదేళ్లకు పౌరసత్వం అడగొచ్చు. కానీ 1996 చట్టం ప్రకారం చాలా ఫెడరల్ సంక్షేమ పథకాలకు మొదటి అయిదేళ్లు అర్హత ఉండదు. సోషల్ సెక్యూరిటీ పింఛనుకు సుమారు పదేళ్ల పని ఉండాలి.

అందుకే ఏజెంటును మూడే అడగండి. కంపెనీ పేరేమిటి? ప్రయారిటీ డేట్ ఎప్పటిది? ఈ డబ్బు దేనికి? మూడింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా ఇంటి పత్రాలు బీరువాలోనే ఉండనివ్వండి.