పంటి వేరులో ‘గట్టాపెర్చా’: వేడితోనే మేలు, వేడితోనే ముప్పు

బొంబాయిని ఇంగ్లండుతో కలుపుతూ 1870లో సముద్రం అడుగున వేసిన తంతి తీగకు తొడుగుగా వాడిన పదార్థాన్నే, రూట్ కెనాల్ చికిత్సలో శుభ్రపరచిన పంటి వేరును పూడ్చడానికి దంతవైద్యులు నేటికీ వాడుతున్నారు. దాని పేరు గట్టాపెర్చా. మలయా అడవుల్లో పెరిగే ఒక చెట్టు పాలు గడ్డకట్టగా ఏర్పడే జిగురు ఇది.

ఈస్టిండియా కంపెనీ సర్జన్ విలియం మాంట్‌గొమరీ 1843లో సింగపూర్ నుంచి దీని నమూనాలను ఇంగ్లండుకు పంపారు. వేడినీటిలో మెత్తబడి, చల్లారగానే గట్టిపడే ఈ జిగురుతో అక్కడివారు కత్తిపిడులు చేసుకోవడం ఆయన దృష్టికి వచ్చింది. తంతి తీగల గిరాకీకి చెట్లను నరికి పాలు తీయడంతో పందొమ్మిదో శతాబ్దాంతానికి అడవుల్లో ఆ జాతికే కరవు వచ్చింది. పంటి వేరులో దీనిని నింపే పద్ధతిని 1867లో అమెరికా దంతవైద్యుడు బౌమన్ ప్రవేశపెట్టారు.

రసాయనికంగా ఇది రబ్బరుకు సోదరి. అణువుల గొలుసు ఒకటే, దాని అమరికలోనే తేడా. అయితే దంతవైద్యుడి చేతిలోని సన్నని పుల్లలో అసలు గట్టాపెర్చా సుమారు అయిదో వంతు మాత్రమే. అధికభాగం జింక్ ఆక్సైడే. 37 డిగ్రీల శరీర ఉష్ణోగ్రత వద్ద గట్టిగా ఉండే ఈ పదార్థం 42-49 డిగ్రీల మధ్య అంతర్నిర్మాణం మార్చుకుంటుంది. 53-59 డిగ్రీల మధ్య స్ఫటికరూపం పూర్తిగా కోల్పోయి మెత్తబడుతుంది.

పుల్లలను చల్లగానే, అంటుకునే మందుతో కలిపి దట్టించడం పాతపద్ధతి. ఇప్పటికీ అది విస్తృతంగా వాడుకలో ఉంది. వేడిచేసి నిలువుగా అదిమే పద్ధతిని హెర్బర్ట్ షిల్డర్ 1967లో వివరించారు. మెత్తబడిన పదార్థం వేరులోని వంకరలలోకీ, పక్క చీలికలలోకీ పాకుతుంది. చిక్కంతా చల్లారేటప్పుడే. అప్పుడది కుంచించుకుపోతుంది. చల్లారేవరకూ అదిమిపట్టని పక్షంలో గోడ వెంట సందు మిగులుతుంది. సూక్ష్మజీవులకు అంతకన్నా ఏం కావాలి? నయమైందనుకున్న పన్ను కొన్నేళ్లకు మళ్లీ చీము పట్టవచ్చు.

వేడి ఎక్కువైనా కష్టమే. ఎముక ఒక నిమిషంపాటు 47 డిగ్రీలకు చేరితే దెబ్బతింటుందని స్వీడన్ పరిశోధకులు ఎరిక్‌సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ కుందేళ్లపై జరిపిన ప్రయోగాలలో 1983లో తేల్చారు. అంటే శరీర ఉష్ణోగ్రతపై పది డిగ్రీలే హద్దు. వేడిచేసే పరికరం కొననేమో 200 డిగ్రీల దాకా అమర్చుతారు! గట్టాపెర్చా, పంటిలోని దంతధాతువు రెండూ వేడిని అంత సులువుగా ప్రసరింపజేయవు కనుకనే ఈ పని సాధ్యమవుతోంది. వేరు గోడలు పల్చగా ఉండే కింది ముందుపళ్ల విషయంలో మాత్రం కొనను క్షణాల్లో వెలికితీయక తప్పదు.

మన వేసవులు మరో సమస్య. వేడికీ, వెలుతురుకూ గురైన పుల్లలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెళుసెక్కుతాయి. ఎండ 45 డిగ్రీలు దాటే పట్టణాలలో ఏసీ లేని గదిలో, కిటికీ పక్క బీరువాలో నిల్వచేస్తే ఆ ముదురుబాటు వేగిరమవుతుంది. మంచి పుల్ల వంచితే వంగుతుంది, ముదిరినది పుటుక్కున విరుగుతుంది.