తుప్పు పట్టిన వ్యాయామ సామాను



పిల్లలు మోజుపడి కొన్న డంబెల్సు, ఇనప బిళ్లలు, బెంచీ వాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోయాక మేడమెట్ల కింద మిగిలిపోతాయి. ఎర్రగా తుప్పు పట్టిన ఆ సామాను చూసి, పాత ఇనుము కొనేవాడికి వేసేద్దామనుకుంటాం. తొందరపడకండి. అందులో బాగుపడేదేదో, నమ్మరానిదేదో వేరు చేయడం ముఖ్యం.

ఇనుముకు గాలీ తడీ కలిసి తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పుగాలి తోడైతే ఇంకా త్వరగా పడుతుంది. అందుకే విశాఖ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో ఈ బాధ ఎక్కువ. డంబెల్సు, బిళ్లలు గట్టి ముద్ద ఇనుము కనుక పైన తుప్పు పట్టినా లోపల చెడవు. బెంచీ కాళ్లు అలా కాదు. అవి బోలు గొట్టాలు, లోపలినుంచే తినేస్తాయి. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. రేకు లోపలికి పోయినా, అతుకుల దగ్గర పగులు కనిపించినా వాడకండి. తుప్పు పట్టిన స్ప్రింగులు, పోగులు తెగిన తీగతాళ్లు కూడా అంతే. అవి పుటుక్కున తెగితే ముఖానికే తగులుతాయి. వాటిని మార్చవలసిందే.

ఇక శుభ్రం చేసే పద్ధతి. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. పాత పెయింటులో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసాన్ని బాగా తగ్గించాలన్న నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017లోనే. కాబట్టి తడిపి రుద్దండి. పసిపిల్లలనూ, గర్భిణీలనూ దూరంగా ఉంచండి. ముక్కుకు మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు మరవకండి.

బిళ్లలను ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి, మునిగేట్టు వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచండి. చిన్న నట్లకు చింతపండు పులుసైనా సరే, కాస్త ఆలస్యమవుతుందంతే. ఉదయం ఇనప తీగల బ్రష్షుతో రుద్దితే తుప్పు ఊడివస్తుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి కడిగి, మంచినీళ్లతో మరోసారి కడగండి. వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో పెట్టాలి. తడి ఉండిపోతే చూస్తుండగానే మళ్లీ ఎర్రబడుతుంది. స్ప్రింగులనూ, మెరుగు పూత ఉన్న కడ్డీలనూ పులుపులో నానబెట్టకూడదు. బాత్‌రూములు కడిగే యాసిడ్ అసలు వద్దు. దానికి బ్లీచింగ్ తగిలితే విషవాయువు పుడుతుంది. బిగుసుకున్న నట్టుకు కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి. సుత్తితో బాదకండి.

ఆరిన బిళ్లలకు రెడాక్సైడ్ పూసి, మర్నాడు ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయండి. చేత్తో పట్టుకునే కడ్డీకి పెయింటు వద్దు. పలచగా నూనె రాసి, వాడేముందు పొడిగా తుడవండి, లేకపోతే జారుతుంది.

ఇంత శ్రమ ఎవరి కోసం అంటారా? మన కోసమే. నెలసరి ఆగాక ఆడవాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. బరువులతో చేసే వ్యాయామం వాటికి బలమిస్తుంది. బరువులు మగవాళ్లవే అనుకోనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. మనకు ఒక కిలోతో మొదలుపెడితే చాలు. రక్తపోటు, నడుంనొప్పి ఉన్నవారు ముందుగా డాక్టరును అడగండి.

సెలవు.